మెక్సికో అల్లిక చెప్పులు: వరాచేలు

సన్నని తోలు వార్లను పాదం మీదుగా అల్లి, దళసరి అడుగుకు బిగించి చేసే మెక్సికో సంప్రదాయ చెప్పులే వరాచేలు. రైతుకూలీల నుంచి నగరాల్లోని ఫ్యాషన్ ప్రియుల దాకా వీటిని అందరూ తొడుగుతారు. ఈ పేరు మిచోఆకాన్ రాష్ట్రానికి చెందిన పురెపెచా ఆదివాసుల భాష నుంచి వచ్చింది. అదే రాష్ట్రంలోని సవాయో పట్టణం, పొరుగున ఉన్న హాలిస్కో రాష్ట్రం, దక్షిణాన వహాకా రాష్ట్రం ఈ పనికి పేరుపొందాయి.

స్పెయిన్ సేనలు రాకముందే ఇక్కడ చెప్పుల తయారీ ఉంది. అప్పట్లో కిత్తలి నారతోనూ, జింక తోలుతోనూ చేసేవారు. ఆజ్టెక్ రాజ్యంలో చెప్పులు హోదాకు గుర్తు. సామాన్యులు ఎక్కువగా వట్టి కాళ్లతోనే నడిచేవారు. చక్రవర్తి మొక్తెజుమా ఎదుటికి వెళ్లేటప్పుడు ప్రభువులు సైతం చెప్పులు విడవాల్సిందే. 1521లో ఆ రాజ్యం కూలిపోయాక స్పెయిన్ వారు తెచ్చిన పశువుల మందలు పెరిగి, ఆవు తోలు విరివిగా దొరకసాగింది. పాత చెప్పుల పనితనం ఈ కొత్త తోలుతో కలిసి నేటి వరాచేకు రూపమిచ్చింది.

అల్లిక వరాచేకు చెట్ల బెరడు వంటి వాటితో ఊనిన తోలు శ్రేష్ఠం. ముందుగా దాన్ని సన్నని వార్లుగా కోస్తారు. ప్రతి తోలు వారు వెడల్పూ దాని పొడవునా ఒకేలా ఉండాలి. ఎక్కడైనా పలచబడితే అక్కడే తెగుతుంది. కోసిన వార్లను నీళ్లలో తడిపి మెత్తబరుస్తారు. పాదం ఆకారంలోని కొయ్య అచ్చుకు లోపలి అడుగును అమర్చి, దాని అంచు వెంట కన్నాలు పొడుస్తారు. వారును ఒక కన్నంలోంచి పైకి తీసి, అచ్చు మీదుగా లాగి, ఎదుటి కన్నంలోకి దించుతూ వరుసలు వేస్తారు. మగ్గం మీద పడుగులో పేక నడిచినట్టు, ఆ వరుసల మధ్య వారును పైకీ కిందికీ పోనిస్తూ అల్లుతారు. కొన్ని రకాల్లో ఒకే పొడవాటి వారు చెప్పంతా తిరుగుతుంది. పై భాగంలో కుట్టు అవసరమే ఉండదు. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని అచ్చు రూపం పట్టేస్తుంది. చివరికి కింది అడుగును మేకులతో బిగించి అంచులు చెక్కుతారు. వాడేకొద్దీ అల్లిక ఎవరి పాదానికి తగ్గట్టు వారికి అమరుతుంది. సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి ఎండ ప్రాంతాలకు ఇది ఎంతో అనువు.

ఇరవయ్యో శతాబ్దంలో కింది అడుగుకు పాత టైర్ల రబ్బరు వాడటం మొదలైంది. ధర తగ్గింది, మన్నిక పెరిగింది. చివావా రాష్ట్రపు లోయల్లో నివసించే రరామురి ప్రజలు టైరు ముక్కకు తోలు వారు కట్టి, అల్లిక లేని వరాచేలతో కొండదారుల్లో పరుగెత్తుతారు. 1993లో అమెరికాలోని లెడ్‌విల్‌లో జరిగిన 100 మైళ్ల పరుగులో వారిలో ఒకరైన 55 ఏళ్ల విక్తోరియానో చుర్రో గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు.

వరాచే పేరు, రూపం పెద్ద కంపెనీలనూ ఆకర్షించాయి. 1991లో నైకీ తన పరుగు బూట్లకు ఈ పేరే పెట్టుకుంది. 2025 ఆగస్టులో అడిడాస్ చూపించిన ఒక కొత్త చెప్పు, వహాకాలోని యలాలగ్ గ్రామపు వరాచేలను పోలి ఉండటంతో వివాదం రేగింది. ఊరి అనుమతి తీసుకోలేదని రాష్ట్ర ప్రభుత్వం, అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ అభ్యంతరం చెప్పారు. సంస్థ ప్రతినిధులు అదే నెలలో యలాలగ్‌కు వెళ్లి బహిరంగంగా క్షమాపణ కోరారు. ఆదివాసీ, ఆఫ్రో-మెక్సికన్ సముదాయాల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడేందుకు మెక్సికో 2022లోనే ప్రత్యేక చట్టం తెచ్చింది.

యంత్రాల మీద తయారయ్యే చవక చెప్పులతో పోటీపడటం చేతిపనివారికి కష్టమే. అల్లికను చూసి మురిసిపోవడం ఒక్కటే వారికి అన్నం పెట్టదు. డిజైన్ ఏ ఊరిదో ఆ ఊరి పేరు చెప్పి, అల్లిన చేతులకు న్యాయమైన ధర ఇచ్చినప్పుడే వరాచే కళ నిలుస్తుంది.