మట్ట మట్టిలో కలిస్తేనే...

సాయంత్రమైతే చాలు... చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో మూకుళ్లు సలసల కాగుతుంటాయి. సమోసాలు, మిర్చీ బజ్జీలు, లుఖ్మీలు ఒకదాని వెంట ఒకటి తేలుతుంటాయి. పాతబస్తీ బండ్ల మీద చాలాచోట్ల వాడేది పామాయిలే. చవక, పైగా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. ‘మా ఇంట్లో పామాయిల్ వాడం’ అనేవాళ్లూ బేకరీ బిస్కట్ల రూపంలో దాన్ని తింటూనే ఉంటారు లెండి!

ఆ నూనెలో ఎక్కువ భాగం ఇండొనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడ కొన్ని ప్రాంతాల్లో పీట్ నేలలుంటాయి. ఆకులూ కొమ్మలూ నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నేలలవి. పామాయిల్ తోటల కోసం కాలువలు తవ్వి ఆ నీటిని బయటికి పంపేస్తే నేలకు గాలి సోకుతుంది. దాచుకున్న కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పైకి పోతుంది. 1997లోనూ 2015లోనూ ఇండొనేషియాలో ఇలా ఎండిన నేలలు అంటుకుని, పొగ పొరుగు దేశాలనూ కమ్మేసింది.

మరి మన దగ్గర? ఏలూరు జిల్లాలోనైనా, తెలంగాణలోని అశ్వారావుపేట, దమ్మపేటల్లోనైనా ఈ తోటలు ఎక్కువగా సాగు భూముల్లోనే వేశారు. దిగుమతులు తగ్గించడానికి కేంద్రం 2021లో రూ.11,040 కోట్లతో పథకం ప్రకటించాక సాగు కొత్త జిల్లాలకూ పాకింది. మనది పీట్ నేల కాదు కాబట్టి ఫర్వాలేదనుకోవచ్చా? అంత తేలిక కాదు. కొలంబియాలో పచ్చికబయళ్లను పామాయిల్ తోటలుగా మార్చినచోట, యాభై ఏళ్లకు పైబడిన కాలంలో నేలలోని కర్బనం 40 శాతం దాకా తగ్గిందని 2019లో శాస్త్రవేత్తలు తేల్చారు. చెట్టు పెరిగింది, మట్టి చిక్కింది!

వరి మడిని తోటగా మార్చేవాళ్లూ ఇది గమనించాలి. నీరు నిలిచిన మడిలో సేంద్రియ పదార్థం మెల్లగా కుళ్లుతుంది. అదే నేల ఆరితే వేగంగా కరిగిపోతుంది. అసలే మన నేలల్లో కర్బనం అంతంతమాత్రం. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే ‘తక్కువ’ అని రాస్తారు. అది తగ్గితే మట్టి నీటిని పట్టి ఉంచదు, వేసిన ఎరువూ నిలవదు.

పోయినదాన్ని తిరిగి తెచ్చే సరుకు తోటలోనే ఉంది. ఎకరానికి 57 చెట్లు. గెలలు కోసేటప్పుడు చెట్టుకు ఏటా ఇరవై మట్టల దాకా నరకాల్సి వస్తుంది. అంటే ఎకరానికి పదకొండు వందలకు పైనే! కొందరు వాటిని అడ్డమని గట్టుకు చేర్చి నిప్పు పెడతారు. ఏడాది పొడవునా చెట్టు గాలి నుంచి పట్టి తెచ్చిన కర్బనం గంటలో మళ్లీ గాలిపాలు. అవే మట్టల్ని ముక్కలు చేసి వరసల మధ్య పరిస్తే తేమ ఆగుతుంది, వానపాములు చేరతాయి. మట్టలు కుళ్లే చోట మట్టిలో కర్బనం పెరుగుతుంది. మనుషులూ ట్రాక్టర్లూ తిరిగే దారిలో అలా పెరగదు. అందుకే మట్టి నమూనా ఒక్కచోటే తీసి తోట మొత్తానికీ అదే లెక్క అనుకోకూడదు.

మొదటి మూడు నాలుగేళ్లలో మరింత జాగ్రత్త కావాలి. మొక్కలు చిన్నవి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో కలుపు కనబడితే చాలు రోటవేటర్ దించుతారు. దున్నినకొద్దీ మట్టికి గాలి తగిలి కర్బనం తరుగుతుంది. దానికి బదులు జనుము, జీలుగ లాంటివి చల్లితే నేల కప్పుకుని ఉంటుంది, నత్రజని కూడా దక్కుతుంది. తోట ఎదిగాక నీడలో కోకో వేస్తే అది రాల్చే ఆకు కూడా నేలకే.

ఇక ఫ్యాక్టరీ. గెల బరువులో అయిదో వంతు దాకా పళ్లు ఒలిచేసిన ఖాళీ గెలే. అందులో పొటాష్ పుష్కలం. దాన్ని తోటకు తెచ్చుకుని పాదుల్లో పరిస్తే ఎరువు ఖర్చూ కొంత తగ్గుతుంది. రవాణా ఖర్చే ఇక్కడ చిక్కు. గెలలు దింపిన ట్రాక్టర్ ఖాళీగా తిరిగొచ్చే బదులు వీటిని ఎక్కించుకోవడం మేలు.

పామాయిల్ చెట్టు ఆదాయమిచ్చేది పాతిక ముప్ఫై ఏళ్లు. 1990ల్లో నాటిన తోటల్ని ఇప్పుడు తీసేయాల్సిన సమయం వచ్చింది. కూల్చిన మానును కాల్చకుండా చెక్కుముక్కలుగా కోసి అక్కడే పరిస్తే, కొత్త మొక్క వేళ్లు దిగే నేలకు పాత చెట్టే ఆహారమవుతుంది.