కాగితం మీద సూర్యుడు

తక్కువ వెలకు దొరికే చిన్న దూరదర్శినిని కొన్నవారికి, ఆ పెట్టెలో ఒక్కొక్కప్పుడు నల్లని అద్దపు బిళ్ళ ఒకటి కనబడుతుంది. అది రూపాయి నాణెమంత ఉంటుంది. కంటి కటకానికి అడుగున బిగించుకొనడానికి వీలుగా దాని అంచున మరలు కోసి ఉంటాయి. సూర్యుని చూడడానికి ఉద్దేశించినదని దానిమీదనే వ్రాసి ఉంటుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మొదటి మాట, ఆ బిళ్ళను ఒక్కమారైనా వాడక ముందే సుత్తితో పగులగొట్టి పారవేయవలెనని. మాట కటువుగా ఉన్నదని పాఠకులు అనుకొందురు గాక. కారణం మనవి చేస్తాము.

మేమును ఒకప్పుడు ఆ బిళ్ళను నమ్మినవారమే. ఒక ఆదివారం ఉదయం మా పెరటిలో, 60 మిల్లీమీటర్ల వస్తు కటకం గల దూరదర్శినిని సూర్యునివైపు త్రిప్పి, నల్లబిళ్ళ బిగించి, పొరుగింటి పిల్లవానికి సూర్యుని మచ్చలు చూపించాము. వాడు తనివితీర చూచి, "ఇక మీరు చూడండి మామయ్యగారూ" అని ప్రక్కకు తొలగినాడు. మేము వంగబోతూ ఉండగా టప్పుమని చిన్న చప్పుడయినది. నల్లబిళ్ళ నిలువునా చిట్లి, సన్నని వెలుగుచార ఒకటి మా చొక్కామీద పడ్డది. చప్పుడు అరనిమిషం ముందుగా అయి ఉంటే ఏమయ్యేదో తలచుకొన్నప్పుడెల్ల మాకు ఈనాటికీ ఒడలు జలదరిస్తుంది.

ఆ చిట్లడంలో వింత ఏమీ లేదు. సూర్యబింబం మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పున కనబడుతుంది. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం ఆ బింబాన్ని ఆరున్నర మిల్లీమీటర్లకు మించని వృత్తంగా కూర్చుతుంది. అనగా వస్తు కటకం మీద పడిన ఎండ అంతయు ఒక గురివింద గింజంత చోటికి చేరుతున్నది. అక్కడ దాని తీవ్రత ఎనభై రెట్లకు పైబడుతుంది. నల్లబిళ్ళను బిగించే తావు ఈ గురివింద గింజకు ఆనుకొనియే ఉన్నది. వేడి యావత్తు దాని నెత్తిమీదనే పడగా, పాపం, అది ఎంతసేపు ఓర్చగలదు?

బిళ్ళ పగిలిన తరువాత వంతు కంటిది. ఎండవేళ కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు కుంచించుకొని ఉంటుంది. మూడనుకొన్నప్పటికీ 60 మిల్లీమీటర్ల కటకం అంతకు 400 రెట్ల వెలుగును పోగుచేస్తుంది. ఇందులో మరొక మోసం కలదు. వెలుగును గ్రహించే లోపలి పొరకు, అనగా రెటీనాకు, నొప్పిని తెలిపే నరాలు లేవు. అది కాలుతున్నప్పుడు మనకు తెలియదు. కొన్ని గంటల తరువాత చూపు మధ్యలో మసక ఏర్పడినప్పుడు గాని జరిగినది బోధపడదు. ఆ మసక కొందరికి ఎన్నటికీ పోదు.

మసి పూసిన గాజు, ఎక్సురే ఫిల్ము, చలువ కళ్ళద్దాలు కూడ ఇందుకు పనికిరావు. కంటికి నల్లగా కనబడడం వేరు, కనబడని వేడికిరణాలను ఆపడం వేరు. గ్రహణవేళ పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో సూర్యుని చూడడం మన ఇళ్ళలో పాత అలవాటు. నీరు తన మీద నిట్టనిలువుగా పడిన వెలుగులో నూటికి రెండు పాళ్ళు వెనుకకు పంపుతుంది. సూర్యుని నేరుగా చూడడానికి లక్షలో ఒక పాలు మాత్రమే కంటికి చేరవలెను. కాబట్టి ఆ పళ్ళెం మీద కూడ మాకు నమ్మకం లేదు. 1980 ఫిబ్రవరి 16 నాడు సంపూర్ణ గ్రహణచ్ఛాయ తెలుగునేల మీదుగా సాగినప్పుడు, హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరికరాలతో ఆకాశం వైపు చూస్తూ ఉండగా, ఊళ్ళలో తలుపులు వేసుకొని కూర్చున్నవారు ఎందరో! వారి భయాన్ని మేము పరిహసించము. భయానికి తగిన ఉపాయం ఎవరో ఒకరు చెప్పి ఉండవలసినది.

ఆ ఉపాయం దూరదర్శిని పుట్టిన కొలది యేండ్లకే పుట్టినది. గెలీలియో శిష్యుడు కాస్టెల్లీ, దూరదర్శినిలోనికి కన్ను పెట్టకుండా, దాని వెనుక కాగితం పట్టి దానిమీద సూర్యబింబాన్ని పడవేసే పద్ధతిని 1612లో గురువుకు తెలిపినాడు. గెలీలియో ఆ బింబం చుట్టూ గీత గీసి, మచ్చలను ఉన్నవి ఉన్నట్లు చిత్రించినాడు. సూర్యుని చూచి చూచి గెలీలియో గుడ్డివాడయినాడన్న మాట లోకంలో ప్రచారంలో ఉన్నది గాని, అది నిలిచే మాట కాదు. ఆయనకు చూపు పోయినది ఆ తరువాత పాతికేళ్ళకు. 1631లో పారిస్‌లో గస్సెండీ బుధుడు సూర్యుని దాటడాన్నీ, 1639లో ఇంగ్లండులో హారక్సు శుక్రుడు దాటడాన్నీ చూచినది ఈ కాగితం మీదనే.

ఇక మన పెరటిలోనికి వద్దాము. దూరదర్శిని కటకాలతో చేసినదై ఉండవలెను. లోపల దర్పణాలు గల రకాన్ని ఈ పనికి వాడరాదు, వేడికి లోపలి చిన్న అద్దం చెడిపోతుంది. ప్రక్కన ఉండే చిన్న గురిదుర్భిణిని మొదట ఊడదీసి లోపల పెట్టండి. అదియు ఒక దూరదర్శినియే. మన దృష్టి పెద్దదాని మీద ఉండగా ఏ పిల్లవాడో దానిలోనికి తొంగిచూచును. సూర్యుని వెదకడానికి గొట్టం వెంబడి చూడనక్కరలేదు. నేలమీద పడిన గొట్టపు నీడను చూస్తూ దానిని కదపండి. నీడ మిక్కిలి పొట్టిదై గుండ్రనైనప్పుడు సూర్యుడు చిక్కినట్లే.

కంటి కటకాలలో అన్నిటికన్న చవుకైనదే ఇక్కడ మేలైనది. 'హెచ్' అక్షరం గల పాతకాలపు రకంలో రెండు కటకాలు విడివిడిగా ఉంటాయి. అతికించిన జిగురు ఉండదు గనుక కరిగేది లేదు. ఖరీదైన దానిని ఎండలో పెట్టి పాడుచేసుకొనకండి. లోపల ప్లాస్టిక్ వలయాలు ఉన్నవేమో చూచుకొనండి. ఉంటే అవి మెత్తబడి వంకరపోతాయి. లోహంతో చేసిన దానిని సంపాదించడం మంచిది. వస్తు కటకానికి ముందు, నడుమ 40 మిల్లీమీటర్ల రంధ్రం కోసిన అట్టమూత తొడిగితే వెలుగు సగంకన్న తక్కువై వేడి తగ్గుతుంది, కాగితం మీది బింబానికి మాత్రం కొరత రాదు. అయిదు నిమిషాలు చూచి, రెండు నిమిషాలు గొట్టాన్ని ప్రక్కకు త్రిప్పి ఉంచండి. దగ్గర మనిషి లేకుండా ఒక్క క్షణమైనా విడువరాదు.

20 మిల్లీమీటర్ల కంటి కటకం నుండి 30 సెంటీమీటర్ల దూరాన కాగితం ఉంచితే బింబం సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. దూరం పెంచితే బింబం పెరుగుతుంది గాని వెలవెలబోతుంది. ఇక్కడనే చవుక దూరదర్శినికి కొంత సంస్కారం అవసరం. గొట్టం నడుమ పెద్ద అట్టపళ్ళెం ఒకటి గొడుగువలె తొడిగి, కాగితం మీద నేరుగా ఎండ పడకుండా చేయండి. అంతకన్న మంచిది, మూడువైపుల మూసి ఒక ప్రక్క తెరచిన చెప్పులపెట్టె. లోపల నల్లకాగితం అంటించి, అడుగున నున్నని డ్రాయింగు కాగితం పరచి, కంటి కటకం వెనుక అమర్చితే, అంతకుముందు కనబడని చిన్న మచ్చలు కూడ తేలివస్తాయి. మూడుకాళ్ళ పీఠం వణకడం ఈ చిన్న దూరదర్శినులకు పుట్టుకతో వచ్చిన రోగం. పీఠం నడుమ మూడు నాలుగు కిలోల ఇసుకసంచి వ్రేలాడదీస్తే చాలవరకు కుదుటపడుతుంది. నేల వేడెక్కిన తరువాత గాలి కదలికకు బింబపు అంచు ఉడికే నీటివలె అల్లాడుతుంది. అందుచేత ఉదయమే చూడడం మేలు.

కాగితం మీద కనబడిన నల్లచుక్క అంతయు సూర్యుని మచ్చ కాదు. కాగితాన్ని మెల్లగా అటూ ఇటూ కదపండి. దానితో కదిలినది కాగితపు నలుసు. కంటి కటకాన్ని గుండ్రంగా త్రిప్పండి. దానితో తిరిగినది కటకం మీది ధూళి. రెండింటికీ కదలక నిలిచినదే సూర్యునిది. బింబం రెండు నిమిషాలలో తన వెడల్పంత జరిగిపోతుంది; అది జరిగే దిక్కు పడమర. దానిని గుర్తువేసుకొని, ప్రతిదినం అదే కొలత వృత్తంలో మచ్చలు దించితే, అవి తూర్పు అంచున పొడచూపి సుమారు రెండు వారాలలో పడమటి అంచున మరుగవడం తెలుస్తుంది. సూర్యుడు తన చుట్టు తాను తిరుగుతున్నాడని మీ పెన్సిలే మీకు చెబుతుంది. 9 సెంటీమీటర్ల బింబంలో మన భూమి ఒక మిల్లీమీటరుకు కూడ రాదు. దించిన మచ్చ రెండు మిల్లీమీటర్లుంటే అందులో రెండు భూములు ప్రక్కప్రక్కన పట్టుతాయి. చుట్టుప్రక్కల సుమారు 5,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండగా, మచ్చ నడుమ దానికంటె వేయి, రెండువేల డిగ్రీలు తక్కువ ఉంటుంది. అందుకే నల్లగా తోస్తుంది.

ఇది పిల్లల ఆట అని ఎవరైనా అంటే, మేము జర్మనీలోని డెస్సౌలో మందుల దుకాణం నడిపిన ష్వాబే పేరు చెబుతాము. ఆయన 1826 నుండి ఎండ కాసిన ప్రతిదినం చిన్న దూరదర్శినితో మచ్చలు లెక్కించినాడు. వెదకినది బుధునికన్న లోపల మరొక గ్రహం ఉన్నదేమోనని. దొరికినది మచ్చలు పెరిగి తరిగే ఆవృత్తి. 1843లో ఆయన దానిని దాదాపు పదేళ్ళుగా ప్రకటించినాడు. అది సగటున 11 ఏళ్ళని తరువాత తేలినది. 2019 డిసెంబరులో మొదలయిన ఆవృత్తి 2024లో శిఖరాన్ని తాకినది.

కంటితోనే చూచి తీరవలెనని పట్టుపట్టేవారికి కూడ మార్గం లేకపోలేదు. లోహపు పూత పూసిన ప్రత్యేకమైన సౌర ఫిల్టరు దొరుకుతుంది. అది లక్షలో ఒక పాలు వెలుగును మాత్రమే పోనిస్తుంది. దానిని గొట్టం ముందరి కొసన, వస్తు కటకానికి ముందు, గాలికి ఊడకుండా తొడగవలెను. తొడిగే ప్రతిసారి దీపానికి అడ్డంపెట్టి సూదిబెజ్జాలు ఉన్నవేమో పరీక్షించవలెను. ఒక్కటి ఉన్నా పారవేయవలెను. గ్రహణపు కళ్ళద్దాలు పెట్టుకొని దూరదర్శినిలోనికి చూడడం నల్లబిళ్ళకన్న ఘోరం. వాటిని అంత కూర్చిన వెలుగుకు చేయలేదు.

1868 ఆగస్టు 18న గుంటూరులో గ్రహణం చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచే జ్వాలలను మరునాడు గ్రహణం లేకుండానే తన వర్ణపటదర్శినితో చూడగలిగినాడు. ఆ జ్వాలలు మన అట్టపెట్టెకు అందవు. కాని 2032 నవంబరు 13న మధ్యాహ్నం బుధుడు సూర్యుని మీదుగా సాగుతాడు. తెలుగునాట పగటివేళ కాబట్టి మబ్బు లేకుంటే కనబడుతుంది. 9 సెంటీమీటర్ల బింబం మీద ఆ చుక్క అర మిల్లీమీటరు కూడ ఉండదు. ఇసుకసంచి, చెప్పులపెట్టె, కటకాన్ని త్రిప్పి చూచే అలవాటు, ఇవి అప్పటికి సిద్ధంగా ఉన్నవారికి అది ధూళికణం కాదని పోల్చుకొనడం కష్టం కాదు.