రెండవ ఉంగరము ఏల పట్టదు?

మా కళాశాల వసతిగృహములోని విద్యార్థి ఒకడు నాలుగు నెలలు రాత్రులు మేలుకొని, కంప్యూటరుపై ఆడు ఒకానొక ఆటలో ఒక ఉంగరమును సంపాదించినాడు. అదే రకపు ఉంగరము అతని పాత్ర కుడిచేతికి అప్పటికే యున్నది. క్రొత్తదానిని ఎడమచేతికి తొడుగబోగా ఆట ఒప్పుకొనలేదు. "వేలు ఖాళీగానే ఉంది గదా సార్, ఎందుకు పట్టదు?" అని నన్నడిగినాడు. నేను భౌతికశాస్త్రము చెప్పువాడను. ఆటల సంగతి నాకంతగా తెలియదు. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. విచారింపగా ఇందులో కొంత గణితము, కొంత అర్థశాస్త్రము కూడ ఇమిడి యున్నవని తేలినది.

ఇట్టి ఆటలలో మనము ఒక వీరుని పాత్రను ధరింతుము. కత్తులు, కవచములు, ఉంగరములు సంపాదించి ఆ వీరునికి తొడుగుచు బలము పెంచుకొందుము. వీనికి మూలము 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది కాగితము, పాచికలతో బల్ల చుట్టును కూర్చుండి ఆడునది. 2014లో వెలువడిన దాని నియమావళిలో, ఒకే రకపు మాయావస్తువులు రెండింటితో ఒక పాత్ర అనుసంధానము పొందరాదని స్పష్టముగా వ్రాసియున్నది. బల్ల దగ్గర నియమము తప్పినవానిని తోటివారు వారింతురు. వేలమంది కలిసి తంత్రీమార్గమున ఆడు ఆటలలో ఆ పని యంత్రమే చేయవలెను.

నియమమే లేనిచో ఏమగును? ఒక ఉంగరము శత్రువు కొట్టిన దెబ్బలో నూటికి 25 పాళ్లు తగ్గించుననుకొందము. ఇట్టివి నాలుగు తొడిగి, వాని ఫలములను కూడినచో 100 వచ్చును. ఇక ఆ వీరునికి చావు లేదు! నిజానికి కీడు అంతకు ముందే మొదలగుచున్నది. ఒక ఉంగరముతో దెబ్బ 75కు దిగును, కనుక వీరుడు 1.33 రెట్లు ఎక్కువ కాలము నిలుచును. రెండింటితో 2 రెట్లు, మూడింటితో 4 రెట్లు, నాలుగింటితో అనంతము. చేర్చిన ప్రతి ఉంగరమును అంతకు ముందుదానికంటె ఎక్కువ మేలు చేయుచున్నదన్నమాట. లోకములో ఎక్కడనైన ఇట్లు జరుగునా? చలికి మొదటి దుప్పటి ఇచ్చిన సుఖము నాలుగవది ఈయదు గదా!

కూడుటకు మారుగా హెచ్చవేసినచో కొంత నయము. దెబ్బ 100 నుండి 75కు, పిదప 56.25కు, 42.19కి, 31.64కు దిగును. ఎన్ని తొడిగినను సున్న కాదు. అయినను నాలుగింటితో వీరుడు 3.16 రెట్లు నిలుచును. ప్రతి ఉంగరమునకును అదే 1.33 రెట్లు, చక్రవడ్డీవలె. కాబట్టి దుప్పటి న్యాయము ఇందులోను కానరాదు.

ఆ న్యాయమును సూటిగా పాటించినది ఐస్లాండు దేశమువారు 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అను అంతరిక్షనౌకల ఆట. అందులో ఒకే గుణమును పెంచు పరికరములను పెక్కింటిని నౌకకు బిగింపవచ్చును. కాని చాల గుణముల విషయమున మొదటిది నూటికి నూరు పాళ్లు పనిచేసినచో, రెండవది 86.9, మూడవది 57.1, నాలుగవది 28.3, ఐదవది 10.6 పాళ్లు మాత్రమే పనిచేయును. ఈ అంకెలు ఊహించి పెట్టినవి కావు. వరుససంఖ్యలో ఒకటి తీసివేసి, శేషమును 2.67తో భాగించి వర్గము చేసి, దానిని ఇ అను స్థిరాంకమునకు ఋణఘాతముగా ఎక్కించినచో ఇవే వచ్చును. గణాంకశాస్త్రము చదివినవారు ఇది ఘంటాకారపు వక్రమని గుర్తింతురు. ఆటగాడు తనంతట తానే నాలుగవదాని జోలికి పోడు. నాకు ఈ పద్ధతి అన్నిటికంటె అందముగా తోచినది. అయితే దీనిని బోధపరచుకొనుటకు లెక్క కావలెను. "ఒకటే" అను మాటకు లెక్క అక్కరలేదు. చాల ఆటలు ఆ మాటనే పట్టుకొన్నవి.

ఆ "ఒకటే" లోను భేదములు కలవు. 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో లోర్ అను ముద్రగల వస్తువు ఒక పాత్రవద్ద ఒకటికి మించి ఉండరాదు. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో యూనిక్ అనునది ఇట్టిదే. సంచిలోనైనను రెండవది చేరదు. అందే యూనిక్ ఎక్విప్డ్ అను మరియొక ముద్ర కలదు. ఆ ముద్రగలవానిని సంచిలో పది దాచుకొన్నను దోషము లేదు, ఒంటిమీద మాత్రము ఒకటే. మొదటిది స్వామ్యమునకు హద్దు, రెండవది ధారణకు హద్దు. గుంపునకు హద్దు పెట్టుటయు కలదు. 2008లో వచ్చిన అనుబంధములో రత్నకారులు తమకొరకు చెక్కుకొను ప్రత్యేక రత్నములు ఏ రకమువైనను మొత్తము మూడే ధరింపవలెను.

యంత్రము దీనిని పట్టుకొను విధము సులభమే. ప్రతి వస్తువునకు రెండు సంఖ్యలుండును. ఒకటి రకమును తెలుపును, రెండవది ఆ రకములో ఏ ప్రతియో తెలుపును. తొడుగబోవునప్పుడు యంత్రము ఒంటిమీది స్థానములన్నిటిని తడవి, అదే రకపు సంఖ్య కనబడినచో నిరాకరించును. తలకు కిరీటము ఒక్కటే పట్టును గనుక అక్కడ ఈ తనిఖీతో పని లేదు. జంటస్థానములైన వ్రేళ్లు, చేతుల దగ్గరనే చిక్కు. రత్నముల సంగతి ఇంకను చిక్కు. అవి కవచములలో పొదిగియుండును గనుక యంత్రము కవచమును చూచి ఊరకుండరాదు, దాని లోపలి రత్నములనుకూడ చూడవలెను. ఈ తనిఖీ అంతయు ఆట నడుపువారి యంత్రములో జరుగవలెనుగాని, ఆటగాని ఇంటి యంత్రములో కాదు. దొంగ తాళపుచెవిని దొంగకే ఈయరు గదా!

పేరునకు అద్వితీయమై, నిజమునకు కాకపోయిన కథ యొకటి కలదు. 2000లో వెలువడిన డయాబ్లో 2 ఆటలో స్టోన్ ఆఫ్ జోర్డాన్ అను ఉంగరము యూనిక్ వర్గమునకు చెందినది. కాని ఆ మాట అచ్చట వర్గనామము మాత్రమే. వీరుడు రెండు చేతులకు రెండు తొడుగవచ్చును. ఆటలోని బంగారమును మోయుటకు పరిమితి కలదు, ఉంగరము పెట్టెలో ఒక్క గడియే ఆక్రమించును. అందుచే ఆటగాండ్రు దానినే నాణెముగా వాడసాగిరి. అంతట కొందరు లోపములు కనిపెట్టి ఉంగరమునకు నకళ్లు తీసిరి. దొంగనోట్లు పెరిగినచో ధర లేమగునో అదే ఆయెను. కష్టపడి సంపాదించినవాని ఉంగరమునకు, నకలుకు తేడా లేకపోయెను. 2003లో నిర్మాతలు ఒక యుక్తి పన్నిరి. ఆ ఉంగరములను ఆటలోని వర్తకులకు అమ్ముచుండగా, ఒక సంఖ్య చేరినప్పుడు మహారాక్షసుడొకడు ప్రత్యక్షమగును. వానిని చంపినవారికి అనిహిలస్ అను తాయెత్తు దొరకును. దాని ఆశచే ఆటగాండ్రు ఉంగరములను తామే కుప్పలుగా వదలించుకొనిరి. ఆ తాయెత్తును మాత్రము ఒక పాత్ర ఒకటికి మించి ఉంచుకొనరాదని ముందే కట్టడి చేసిరి.

మా విద్యార్థి ఉంగరము సంగతి చెప్పవలెను. అది అతని పాత్రకే అంటుకొనిన వస్తువు, మరొకరికి అమ్ముటకు వీలు లేదు. వర్తకుడు ఇచ్చునది కొద్ది నాణెములే. ఉంగరము వివరణను ఇద్దరమును కలిసి చదివితిమి. ఒకటి మాత్రమే ధరింపవచ్చునను పంక్తి అట్టడుగున సన్నని అక్షరములలో ఉన్నది. నాలుగు నెలల శ్రమకు ముందు చెప్పవలసిన మాటను అంత చిన్నదిగా వ్రాయుట నాకు నచ్చలేదు. అతడు మాత్రము పైకి ఏమియు అనలేదు. అంతకు ముందు పారవేయదలచిన వేరొక రకపు ఉంగరమును సంచిలోనుండి తీసి ఎడమచేతికి తొడిగి, "ఇప్పుడు కూడాలా, హెచ్చవేయాలా సార్?" అని కాగితము నా ముందుంచినాడు.