నమ్మదగిన సాక్షి

జ్వరపీడితుని చూచినంతనే, ఆ జ్వరము వైరస్ వలన కలిగినదో, బాక్టీరియా వలన కలిగినదో చెప్పుట వైద్యునకు సైతము పలుమారు కష్టము. పెన్సిలిన్ వంటి మందులు బాక్టీరియాను చంపును గాని వైరస్‌ను చంపజాలవు. కావున రోగమూలము నెరుగుట మిక్కిలి యావశ్యకము. అందుకు తోడ్పడు నొక సాక్షిని గూర్చి మే మిచ్చట వివరింపదలచితిమి.

1957వ సంవత్సరమున లండను నగరమందలి మిల్‌హిల్ పరిశోధనాలయములో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును కనుగొనిరి. వైరస్ సోకిన జీవకణము దీనిని వెలువరించి పొరుగు కణములను హెచ్చరించును. ఆ హెచ్చరిక నందిన కణములు ఆత్మరక్షణకై పెక్కు మాంసకృత్తులను తయారుచేసికొనును. వానిలో నొకటి ఎమ్.ఎక్స్.ఏ. అనునది. ఇది ఇన్‌ఫ్లుయెంజా మున్నగు వైరస్‌ల వృద్ధి నడ్డగించును.

కంటికి గోచరింపని యీ మాంసకృత్తును గుర్తించు టెట్లు? ఇందుకు ప్రతిరక్షకము కావలెను. తాళపుచెవి తన తాళమునకే యమరునట్లు, ప్రతిరక్షకము తనకు తగిన పదార్థమునే పట్టుకొనును. మానవుల ఎమ్.ఎక్స్.ఏ.ను ఎలుక శరీరములోనికి సూదితో నెక్కించినచో, ఎలుక దానికి ప్రతిరక్షకములను పుట్టించును. అట్టి ప్రతిరక్షకమును పుట్టించు కణమును, ఎడతెగక పెరుగు క్యాన్సరు కణముతో నేకము చేసి, ఒకే విధమగు ప్రతిరక్షకమును కావలసినంత పొందు మార్గమును 1975లో కేంబ్రిడ్జి నగరమున కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టిరి.

ఈ ప్రతిరక్షకమునకు, నీలికాంతి సోకగనే ఆకుపచ్చగా మెరయు రంగును తగిలించి, గాజుపలకపై నిలిపిన కణములపై వేసి, మిగిలినదానిని కడిగివేయుదురు. ఎమ్.ఎక్స్.ఏ. ఉన్న చోటు సూక్ష్మదర్శినిలో వెలుగును.

అయిన నీ సాక్షి మాటను వెంటనే నమ్మరాదు. రెండు పలకలను తీసికొని, ఒకదాని కణములకు ముందుగా ఇంటర్‌ఫెరాన్ నిత్తురు, రెండవదాని కీయరు. మొదటిది వెలుగవలెను, రెండవది చీకటిగా నుండవలెను. రెండును సమానముగా వెలిగినచో అనుమానింపవలెను. ఎమ్.ఎక్స్.ఏ. జన్యువునే తొలగించిన కణములలో గూడ వెలిగినచో, అది కూటసాక్షియే! మరియొక పదార్థమును పట్టుకొని మనలను మోసగించుచున్నదన్నమాట.

వైరస్ జ్వరములలో ఎమ్.ఎక్స్.ఏ. రక్తమున సాధారణముగా హెచ్చును. బాక్టీరియా జ్వరములలో నంతగా హెచ్చదు. అది యే వైరసో మాత్ర మీ పరీక్ష చెప్పదు. ఇది వైద్యుని వివేకమునకు తోడే గాని బదులు కాదు. కూటసాక్షిని నమ్మినచో, మందు అక్కరలేని బిడ్డకు మందును, అక్కరగల బిడ్డకు నిరాకరణమును లభించును. కనుకనే సాక్షిని పరీక్షించిన పిదపనే తీర్పు చెప్పుట శాస్త్రజ్ఞుల ధర్మము. విద్యార్థులమగు మనకును అదియే యనుసరణీయము.