ముడిదృశ్యం – కూర్పు

చలనచిత్ర నిర్మాణంలో చిత్రీకరణ ఒక దశ, కూర్పు మరొక దశ. ఈ రెండింటి నడుమ ప్రేక్షకుని కంటబడని దశ ఇంకొకటి ఉంది. కెమెరా గ్రహించిన ముడిదృశ్యాన్ని కూర్పుకు అనువైన రూపంలోకి మార్చుకోవడమే ఆ దశ. లఘుచిత్రాలు తీయడానికి పూనుకొన్న యువతీయువకులు తరచుగా తడబడేది ఇక్కడే. శ్రమించి చిత్రీకరించిన దృశ్యాలను కంప్యూటరులో తెరిచినప్పుడు కొన్ని వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. కొన్ని ఆగి ఆగి నడుస్తాయి. మరికొన్ని అసలు తెరుచుకోవు. ఇది చాలా సందర్భాల్లో కెమెరా లోపమూ కాదు, తీసినవారి లోపమూ కాదు. ముడిదృశ్యం స్వభావమే అటువంటిది.

కెమెరాలోని సెన్సర్‌పై లక్షలాది కాంతిగ్రాహక బిందువులుంటాయి. అవి వెలుగు ఎంత పడిందో కొలవగలవే గాని దాని రంగును గుర్తించలేవు. అందుచేత ఒక్కొక్క బిందువుపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒక వడపోతను అమరుస్తారు. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. ఇందులో సగం బిందువులు ఆకుపచ్చకు, మిగిలిన సగం ఎరుపు, నీలాలకు సమానంగా చెందుతాయి. వెలుగునీడల సూక్ష్మభేదాలను మానవనేత్రం ఆకుపచ్చ కాంతిలోనే ఎక్కువగా పసిగట్టడం ఇందుకు కారణం. ప్రతి బిందువు వద్ద లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు బిందువుల ఆధారంగా లెక్కగట్టి పూరించడాన్ని డీబేయరింగ్ అంటారు. సాధారణ కెమెరా ఈ పనిని తానే ముగించి, పూర్తయిన చిత్రాన్ని అందిస్తుంది. ముడిదృశ్యంలో ఆ పని ఇంకా మిగిలే ఉంటుంది. కూర్పు సమయంలో కంప్యూటరు ప్రతి ఫ్రేముకూ ఈ లెక్కను వెంటవెంటనే చేయవలసి రావడం వల్లనే దృశ్యం తడబడుతూ నడుస్తుంది.

దీనికి పరిమాణం మరొక భారం. 4096 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు గల 4కె ఫ్రేములో సుమారు 88 లక్షల బిందువులుంటాయి. బిందువుకు 12 బిట్ల చొప్పున, సెకనుకు 24 ఫ్రేములను కుదించకుండా నిలువచేస్తే సెకనుకు దాదాపు 318 మెగాబైట్లు, గంటకు 1,100 గిగాబైట్లకు పైగా స్థలం పడుతుంది. ఇంత భారాన్ని మోయడంలో ప్రయోజనమూ ఉంది. 8 బిట్ల చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 అంతరాలుంటే, 12 బిట్లలో 4,096 ఉంటాయి. నీడలో మరుగుపడిన ముఖాన్ని వెలికితీయడానికి, తెల్లబారిన ఆకాశంలో మేఘాన్ని తిరిగి చూపడానికి ఈ సంపదే ఆధారం.

సంపద చెడకుండా పని తేలికపడే ఉపాయం ఫిల్ము కాలంలోనే ఉండేది. నాడు అసలు నెగటివ్‌ను ల్యాబులో భద్రపరచి, దాని నుంచి తీసిన రష్ ప్రింటును ఎడిటరు కత్తిరించి అతికించేవారు. కూర్పు ఖాయమైన పిదప ఫిల్ము అంచున ముద్రితమైన సంఖ్యలను సరిచూసుకొని నెగటివ్‌ను కోసేవారు. నేటి ప్రాక్సీ ఆనాటి రష్ ప్రింటు వంటిది. ఆ అంచు సంఖ్యల స్థానంలో నేడు ఫైలు పేరు, టైమ్‌కోడ్ నిలిచాయి.

కొత్తగా నేర్చుకొనేవారు ఈ పనిని క్రమపద్ధతిలో సాగించాలి. మొదట కార్డులోని సమస్తాన్ని, ఫోల్డర్ల అమరిక చెదరకుండా, వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కనీసం రెండు ప్రతులుగా తీసుకోవాలి. సినిమా డీఎన్‌జీ వంటి పద్ధతిలో ఒక్కొక్క ఫ్రేము ఒక్కొక్క ఫైలుగా ఉండవచ్చు. అప్పుడు గంట దృశ్యానికి 86,400 ఫైళ్లు ఏర్పడతాయి. వాటిలో ఒకటి జారిపోయినా కంటికి తెలియదు. కాబట్టి మూలానికీ ప్రతికీ తేడా లేదని చెక్‌సమ్ ద్వారా నిర్ధారించే సాఫ్ట్‌వేర్‌తోనే ప్రతులు తీయడం శ్రేయస్కరం. అంతవరకు కార్డును చెరపరాదు.

పిదప డావిన్చీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ముడిదృశ్యాలను తెరిచి, చిత్రీకరించిన ఫ్రేము రేటునే ప్రాజెక్టుకు నిర్ణయించాలి. వెలిసిపోయినట్లు కనిపించే లాగ్ రూపాన్ని మామూలు తెరకు తగిన రెక్ 709 రూపంలో చూపే రంగుల పట్టికను, అనగా లట్‌ను, ప్రాక్సీలకు జోడించవచ్చు. కొలతల నిష్పత్తి మారకుండా, సగం పరిమాణంలో, ప్రోరెస్ ప్రాక్సీ వంటి తేలికపాటి కోడెక్‌లో కొత్త ఫైళ్లు తయారుచేయాలి. ఈ విధంగా గంట దృశ్యం 20 గిగాబైట్ల లోపే ఇమిడిపోతుంది. అయితే ఫైలు పేరు, టైమ్‌కోడ్, ఫ్రేము రేటు మూలంలో ఉన్నట్లే ప్రాక్సీలోనూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి మారినా కూర్పు ముగిశాక ప్రాక్సీని మూలంతో తిరిగి కలపడం దుస్సాధ్యమవుతుంది. అందుచేత అన్నింటినీ ఒకేసారి మార్చకముందు, ఒకటి రెండు దృశ్యాలతో ఈ ప్రక్రియ మొత్తాన్ని పరీక్షించుకోవడం వివేకం.

కూర్పు పూర్తయిన తరువాత ప్రాక్సీల స్థానంలో ముడిదృశ్యాలను నిలిపి రంగులు సరిదిద్దాలి. చివరి చిత్రం వెలువడేది వాటి నుంచే. స్థలం కలిసివస్తుందన్న ఆశతో ముడిదృశ్యాలను తొలగించి, ప్రాక్సీలనే నమ్ముకొనేవారూ లేకపోలేదు. పిండి చేసిన ధాన్యం మరల గింజ కానట్లే, ప్రాక్సీ నుంచి ముడిదృశ్యాన్ని తిరిగి పొందడం సాధ్యం కాదు. అస్తమించిన ఆనాటి వెలుగునూ, ఆ క్షణంలో నటుని ముఖాన మెరిసిన భావాన్నీ మళ్లీ రప్పించగల యంత్రం లేదు. ఎంతటి కరువులోనైనా రైతు విత్తనపు గింజలను వేరుగా దాచుకుంటాడు. చలనచిత్రకారునికి ముడిదృశ్యం అటువంటి విత్తనమే.