ఉప్పు పొట్లం

కోనసీమలో దీపావళి దగ్గర పడుతుంటే పిల్లల కళ్లు తాడిచెట్ల మీద ఉండేవి. మగతాడి ఎండు కంకులు ఏరుకొచ్చి, గోతిలో వేసి కాల్చేవాళ్లు. మంట అందుకోగానే మట్టి కప్పెయ్యాలి. ఆలస్యమైతే మిగిలేది బూడిదే. గాలి ఆడకపోతేనే బొగ్గు దక్కుతుంది. ఆ బొగ్గును మెత్తగా నూరి, రాళ్ల ఉప్పు కలిపి, పాతగుడ్డలో పొట్లం చుట్టి, తాటిమట్ట చీలికల మధ్య బిగించి, తాడు కట్టి, నిప్పు ముట్టించి గిరగిరా తిప్పితే చీకట్లో రవ్వల చక్రం!

కిటుకంతా తిప్పడంలోనే ఉంది. బొగ్గు మండాలంటే ఆక్సిజన్ బయటి గాలి నుంచే రావాలి. జోరు పెంచేకొద్దీ గాలి తగిలి బొగ్గు ఎర్రబడుతుంది, రవ్వలు చిమ్ముతాయి. ఉప్పురాళ్లలో చిక్కిన చెమ్మ ఆవిరై, రాళ్లు చిటపటా పగిలి పొడిని ఎగదోస్తాయి. చెయ్యి ఆగితే నిప్పు మందగిస్తుంది. పేలే గుణం దానికి లేదు. అయినా పూరిళ్ల పక్కన తిప్పితే పెద్దలు ఊరుకునేవారు కాదు, రవ్వ రవ్వే కదా.

చిచ్చుబుడ్డి సంగతి వేరు. అందులో బొగ్గు, గంధకాలకు తోడు సూరేకారం ఉంటుంది. తొమ్మిదో శతాబ్దంలో చైనాలో పుట్టిన ఈ తుపాకీమందుకు తర్వాత కుదిరిన పాళ్లు నూటికి 75 సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. వేడికి సూరేకారమే ఆక్సిజన్ వదులుతుంది. అంటే ఈ మందు తన గాలిని తనలోనే దాచుకుంది. దీన్నే గట్టి కాగితపు గొట్టంలో బిగిస్తే, పుట్టిన వాయువులకు దారి లేక టపాకాయ అవుతుంది. సూరేకారం బదులు క్లోరేటు వేసి గంధకం కలిపితే రాపిడికే అంటుకుంటుంది. మన దేశంలో ఆ కలయికను 1992లో నిషేధించారు.

2025 అక్టోబర్ 8. దీపావళి ఇంకా పన్నెండు రోజులుంది. కోనసీమ జిల్లా రాయవరం మండలంలో బాణసంచా తయారీ కేంద్రం పేలిపోయింది. ఆ ఒక్కరోజే ఆరుగురు పోయారు. ఆ తేదీ తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. మందు పోగుపడిన చోట ఒక్క రవ్వ చాలు, పరుగెత్తే వ్యవధి కూడా ఉండదు. గదులు విడివిడిగా ఉండాలనీ, ఒక్కో గదిలో మందూ మనుషులూ పరిమితంగా ఉండాలనీ నిబంధనలు పెట్టింది ఇందుకే.

ఇంటి ముందు చిచ్చుబుడ్డి తుస్సుమంటే వంగి చూడొద్దు. లోపల వత్తి నెమ్మదిగా కాలుతూ ఉండొచ్చు. కాసేపు ఆగి, దూరం నుంచి నీళ్లు కుమ్మరించి, తర్వాత బకెట్లో రాత్రంతా నాననివ్వాలి. ఇసుక కప్పితే ఆగేది బయటి గాలే. నీళ్లయితే మందును చల్లార్చి, సూరేకారాన్ని కరిగించేస్తాయి.