ముల్లు వెనుక దారి

నల్లగొండ బత్తాయి, జడ్చర్ల పత్తి మోసే పాత డీజిల్ పికప్‌లో హీటు ముల్లు తికమకగా కదిలితే చాలామంది ముందు మీటరునే మార్పిస్తారు. అది తొందరపాటు. ముల్లుకు ఇంజిన్ వేడి తెలియదు, తన దాకా వచ్చిన కరెంటే తెలుసు. తొలినాటి కార్లలో రేడియేటరు మూతకే థర్మామీటరు బిగించేవారు. డ్రైవరు ముందు అద్దంలోంచి నేరుగా దాన్నే చూసేవాడు. వేడెక్కిన వెండి సల్ఫైడు కరెంటును మరింత సులువుగా పోనిస్తుందని ఫారడే 1833లోనే గమనించాడు. అదే గుణమున్న థర్మిస్టరు తర్వాత ఇంజిన్‌లో సెన్సారుగా చేరింది, ముల్లు డాష్‌బోర్డు మీదికొచ్చింది. ట్యాంకులోని ఫ్లోటు కూడా లేస్తూ దిగుతూ రెసిస్టెన్సును మార్చి డీజిల్ ముల్లును కదుపుతుంది. అలా కొలిచే చోటికీ చూసే చోటికీ మధ్య వైరు, ఎర్తు, ఫ్యూజు చేరాయి. తప్పు వాటిలో ఎక్కడైనా పుట్టవచ్చు.

అందుకే ముళ్లన్నిటినీ కలిపి చదవాలి. పాత మీటర్లు చాలావాటిలో వేడికి వంగే జంటలోహపు పట్టీ ఉంటుంది. బ్యాటరీ హెచ్చుతగ్గులు దానికి తగలకుండా కొన్ని బళ్లలో స్టెబిలైజరు సగటున 10 వోల్టులు అందిస్తుంది. అది చెడితే డీజిల్, హీటు ముళ్లు రెండూ కలిసే తప్పుతాయి. హెడ్‌లైట్లు వేయగానే ముళ్లు కదిలితే ఎర్తు వదులైందేమో చూడాలి. ఇంజిన్ కాగడం లేదని తేలాక కూడా ఒక్క హీటు ముల్లే పైన నిలిస్తే, సెన్సారు వైరు ఊడదీయాలి. ముల్లు దిగితే అనుమానం సెన్సారు మీదికి పోతుంది. దిగకపోతే వైరు బాడీకి తగులుతోంది, లేదా మీటరే చెడింది.

అనుభవమున్న డ్రైవరుకు మీటరెందుకని కొందరంటారు. డీజిల్‌కు ఆ మాట కొంత చెల్లుతుంది, తిరిగిన కిలోమీటర్లతో లెక్క కట్టవచ్చు. వేడికి చెల్లదు. నీళ్లు కారిపోయి సెన్సారు కొస వాటికి అందకపోతే, ఇంజిన్ కాగుతున్నా ముల్లు కిందే ఉండవచ్చు. పరీక్షల కన్నా కొత్త మీటరే నయమనేవారూ ఉన్నారు. కారణం మిగిలితే కొత్తదీ పాత తప్పే చూపిస్తుంది. ఆ కారణం పోసే నీళ్లలోనూ ఉండవచ్చు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, రేడియేటరుకు మాత్రం కాల్షియం, మెగ్నీషియం లవణాలే చేటు. గట్టి బోరు నీళ్లు పోస్తూపోతే సెన్సారు కొసకు తెల్లటి పెచ్చు కట్టి, వేడి ఆలస్యంగా అందుతుంది. కాబట్టి డాష్‌బోర్డు విప్పేముందు, ఇంజిన్ చల్లారాక నీళ్ల మట్టం, ఎర్తు బిగింపు, సెన్సారు కొస చూడాలి. దారిలో ముల్లు పైకి లేస్తే మాత్రం, అబద్ధమని రుజువయ్యేదాకా అది నిజమేననుకొని బండి ఆపాలి.